కనజావాలో మయసభ

"అన్నం డబ్బా మరచిపోయినా ఫరవాలేదు గాని గొడుగు మాత్రం మరచిపోకు" అని జపానులో కనజావా ప్రాంతంవారి సామెత. టోక్యోలో రైలెక్కడానికి ముందు మా అబ్బాయి ఈ సంగతి చెప్పాడు. ఆకాశం చూస్తే అద్దం తుడిచినట్లున్నది. "నేను గోదావరి వరదలు చూచినవాణ్ణిరా. మీ జపాను చినుకులకు జడుస్తానా?" అని నా గొడుగు ఇంట్లోనే వదిలేశాను. ఈ గొడుగు సంగతి చివర మళ్ళీ వస్తుంది గనుక పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

మా ఆవిడ మోకాళ్ళ నొప్పులని కోడలికి తోడుగా టోక్యోలోనే ఉండిపోయింది. బయలుదేరినవాళ్ళం ముగ్గురమే. నేను, మా అబ్బాయి, ఏడేళ్ళ మా మనవరాలు. దానికి తెలుగు అర్థమవుతుంది గాని, మాట్లాడవలసి వచ్చినప్పుడు మూడు మాటలు తెలుగు, నాలుగు మాటలు జపానీసు.

కనజావా జపానుకు పడమటి తీరాన ఉన్న పాత పట్టణం. మధ్యలో కొండలు అడ్డం. 2015 మార్చి 14న షింకన్‌సెన్ రైలు అక్కడిదాకా నడిచింది మొదలు టోక్యోనుంచి రెండున్నర గంటల ప్రయాణమైపోయింది. ఒకప్పుడు ఇది మయెదా ప్రభువుల రాజధాని. వారి సంస్థానంలో ఏటా పదిలక్షల కోకుల బియ్యం పండేదని ప్రతీతి. ఒక కోకు అంటే ఒక మనిషికి ఏడాది గ్రాసం. ఆ సిరి అంతా యుద్ధాలమీద పెట్టక, లక్కపనికి, పింగాణీకి, బంగారు రేకుకు పెట్టారు. ఈనాటికీ జపాను దేశపు బంగారు రేకు దాదాపు అంతా ఇక్కడే సాగగొడతారు. ఐస్‌క్రీముమీద కూడా ఒక రేకు పరచి అమ్ముతారు! మా మనవరాలు ఒకటి కొనిపించుకొని, మూతికి బంగారం పూసుకొని తిరిగింది.

స్టేషను ముందర పెద్ద కొయ్య ద్వారం. రెండు స్తంభాలూ మెలితిరిగి ఉంటాయి. వారి నాటకాలలో వాయించే త్సుజుమి అనే డోలక్కు ఆకారమట. నాకు మాత్రం బుడబుక్కలవాడి డమరుకం జ్ఞాపకం వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మేము వెళ్ళినది కోట చూడటానికీ కాదు, బంగారం చూడటానికీ కాదు. అక్కడి 21వ శతాబ్ది సమకాలీన కళా ప్రదర్శనశాల చూడటానికి. నాకు ఇష్టమై కాదు. మా అబ్బాయి టిక్కెట్లు తీసుకొన్నాడు గనుక.

నేను రాజమండ్రిలో ఒక హైస్కూల్లో 33 ఏళ్ళు డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఏటా పిల్లలను వరసగా నిలబెట్టి దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకొని వెళ్ళేవాణ్ణి. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆ మహానుభావుడు 28 ఏళ్ళు నిండకుండానే ఎంత పని చేశాడో చూపించాలని నా తాపత్రయం. గుమ్మం దగ్గర మూడు ఆజ్ఞలు ఇచ్చేవాణ్ణి: చేతులు వెనక్కి కట్టుకోవాలి, దేన్నీ ముట్టుకోరాదు, నోరు మెదపరాదు. చిత్రశాల అంటే గుడి అని నా నమ్మకం.

మరి 1917లో మార్సెల్ డుషాంప్ అనే పెద్దమనిషి న్యూయార్కులో ఒక మూత్రపు తొట్టిమీద సంతకం చేసి ప్రదర్శనకు పంపాడని చదివినప్పటినుంచీ, ఈ కొత్త కళ అంటే నాకు ఒళ్ళు మంట. కుర్చీ తలకిందులుగా పెట్టి కళ అంటారు, కొబ్బరిపీచు వేలాడదీసి కళ అంటారు. ఇది చూడటానికి ఇంత దూరం రావాలా?

అక్కడికి వెళ్ళగానే మొదటి చిక్కు ముందు వాకిలి ఏదో తెలియకపోవడం. పచ్చిక మైదానం మధ్య గుండ్రని గాజు భవనం. అడ్డకొలత 112.5 మీటర్లు. చుట్టూ అద్దమే. దానికి ముందూ లేదు, వెనకా లేదు. ఎటునుంచి వచ్చినవాడికి అటే వాకిలి. లోపల ఎత్తులు వేరైన గదులు, పెద్ద పళ్ళెంలో చిన్నా పెద్దా పెట్టెలు అమర్చినట్లు ఉంటాయి. కజుయో సెజిమా అనే ఆవిడా, ర్యూయే నిషిజావా అనే ఆయనా కలిసి దీన్ని రూపొందించారు. 2004 అక్టోబరు 9న తెరిచారు. 2010లో వారిద్దరికీ వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమానం వచ్చింది. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ప్రదర్శన గదుల కప్పులోని అద్దపు పలకలు కొన్ని ఊడిపడ్డాయి. బాగుచేసి జూన్ 22న మళ్ళీ తెరిచారు.

ఈ స్థలంలో పూర్వం కనజావా విశ్వవిద్యాలయపు బడులు ఉండేవట. బడి వెళ్ళిపోయినా పిల్లలు వెళ్ళిపోలేదనిపించింది. ఎక్కడ చూచినా వాళ్ళే. పరుగెత్తుతున్నారు, నవ్వుతున్నారు, ఎవరూ కసరడం లేదు. మొదటి డైరెక్టరు యుతాకా మినో గారు తెరిచిన కొత్తలోనే ఊళ్ళోని బడిపిల్లలందరినీ పిలిపించి, వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికి "ఇంకొక్కసారి" అనే టిక్కెట్టు చేతిలో పెట్టారట. ఆ టిక్కెట్టుతో పిల్లలు మళ్ళీ వచ్చారు. వస్తూ అమ్మనూ నాన్ననూ లాక్కొచ్చారు. ఈ యుక్తి విన్నప్పుడు నా మూడు ఆజ్ఞలు జ్ఞాపకం వచ్చి కొంచెం ఇబ్బంది పడ్డాను.

భవనం మధ్య ఒక ముంగిలి. అందులో ఒక ఈతకొలను. చుట్టూ రాతిగట్టు, దిగడానికి నిచ్చెన, నీలిరంగు గోడలు, పైన అలలు. ఇందులో కళ ఏమున్నదబ్బా అని వంగి చూతును గదా, కొలను అడుగున కోటూ టై కట్టుకొన్న ఒకాయన నిలబడి నాకేసి చేయి ఊపుతున్నాడు! పక్కన ఒకావిడ చేతిసంచీతో తిరుగుతున్నది. ఒక పసివాడు బూట్లతో గంతులేస్తున్నాడు. ఎవరికీ తడి అంటలేదు. నేను అప్రయత్నంగా పంచె కుచ్చెళ్ళు పట్టుకొని ఒక అడుగు వెనక్కి వేశాను. మా మనవరాలు పకపక నవ్వింది.

మన నాటకాలలో మయసభ ఘట్టం తెలియనిదెవరికి? నీరు లేనిచోట నీరున్నదని దుర్యోధనుడు బట్ట ఎగగట్టాడు, నేల అనుకొని నీటిలో పడ్డాడు. ద్రౌపది నవ్వింది. ఆ నవ్వు కురుక్షేత్రందాకా పోయింది. నాకు మాత్రం ఈ నవ్వుమీద కోపం రాలేదు.

ఈ కొలను కట్టినవాడు అర్జెంటీనా దేశస్థుడు లియాండ్రో ఎర్లిచ్. కిటుకు చాలా చిన్నది. పైన దళసరి అద్దపు పలక. దానిమీద సుమారు 10 సెంటీమీటర్ల నీళ్ళు మాత్రం నిలిపారు. కింద ఉన్నది ఉత్త గది. అంతే! తెలిసిన తరువాత కూడా కన్ను ఒప్పుకోదు. అదే దాని గొప్ప. వాన పడితే పై గట్టుకు ఎవరినీ రానివ్వరు గనుక ఎండ ఉండగానే చూడాలి. కిందికి దిగాలంటే ఆ రోజే పేరు రాయించుకొని వంతుకోసం ఆగాలి.

మా వంతు వచ్చినప్పుడు నేనూ మనవరాలూ కిందికి దిగాము. అబ్బాయి పైన గట్టుమీద ఉండిపోయాడు. లోపల అంతా నీలం. గోడలమీద వెలుగు అలలు కదులుతుంటే గోదావరిలో మునిగి కళ్ళు తెరిచినట్లున్నది. తల ఎత్తి చూచాను. పైన మా వాడి ముఖం. నీళ్ళు కదిలినప్పుడల్లా ముఖం సాగుతున్నది, చెదురుతున్నది, మళ్ళీ కూడుకొంటున్నది. ఒక్కొక్క అలకు వయస్సు మారిపోతున్నది. వాడి చెంపలు నెరిశాయని నేను గమనించినది అప్పుడే. వాడు ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి గాని మాట వినపడలేదు. "ఏమిటిరా?" అని నేను అరిచాను. వాడికీ వినపడలేదు. పైకి వచ్చాక అడిగితే, "ఏమీ లేదు నాన్నగారూ" అన్నాడు.

మా ఇద్దరి మధ్య మాటలు ఇరవై ఏళ్ళకు పైగా ఇలాగే ఉన్నాయి. ఒంట్లో ఎలా ఉంది, డబ్బు అందిందా, మందులు వేసుకొన్నారా. అంతకుమించి లేదు. దానికి కారణం నాకు తెలుసు. వాడికి తెలియదనుకొనేవాణ్ణి. అది తరువాత.

అక్కడినుంచి ఒక గదిలోకి వెళ్ళాము. ఏటవాలు సిమెంటు గోడమీద పెద్ద కోడిగ్రుడ్డు ఆకారంలో నలుపు. మన బొంబాయిలో 1954లో పుట్టి, లండనులో స్థిరపడిన అనీష్ కపూర్ చేసినది. గోడకు వేసిన మచ్చా, గోడలో తవ్విన గుంటా, గోడలోంచి పొడుచుకొచ్చిన బంతా? నేను కళ్ళజోడు తీసి చూచాను, పెట్టి చూచాను, ఒక కన్ను మూసి చూచాను. వెలుగునీడలు వేయడం నేర్పిన మాస్టర్ని నేను. నీడ అనేదే లేకపోతే లోతు ఎలా చెప్పడం? కాపలా కూర్చున్న అమ్మాయి నా అవస్థ చూచి నోటికి చేయి అడ్డం పెట్టుకొన్నది. ఆ గదినుంచి ఓడిపోయి బయటికి వచ్చాను.

తరువాత జేమ్స్ టరెల్ గది. ఇది డబ్బు ఇవ్వకుండానే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నాలుగు గోడలు, గోడల వెంట అరుగు, కప్పు మధ్య చతురస్రంగా పెద్ద కంత. అద్దం కూడా లేదు. అందులోంచి ఆకాశం. చూడవలసినది అంతే. మొదట నవ్వు వచ్చింది. మా ఊళ్ళో మండువా ఇళ్ళలో ఇదే గదా ఉండేది! అయినా కూర్చున్నాను. అయిదు నిమిషాలయ్యేసరికి ఆ నీలిచదరం కప్పుకు అతికించిన పటంలా కనిపించింది. ఒక కాకి పటంలో ఈ మూలనుంచి ఆ మూలకు పోయింది. మెల్లగా ఒక బూడిదరంగు మబ్బు అంచులోంచి లోపలికి వచ్చింది. మండువా కింద 20 ఏళ్ళు పెరిగినవాణ్ణి; ఒక్కనాడూ తల ఎత్తి ఇంతసేపు చూడలేదు.

బయట పచ్చికలో రంగుగాజుల గోడలు మూడు, నత్తగుల్లలా చుట్టుకొని ఉన్నాయి. డెన్మార్కులో పుట్టిన ఒలాఫర్ ఎలియాసన్ 2010లో కట్టినది. ఒక గోడ లేతనీలం, ఒకటి ముదురు గులాబి, ఒకటి పసుపు. నడుస్తుంటే ఒక గాజుమీద ఇంకొక గాజు పడి, చెట్లూ మనుషులూ రంగులు మారిపోతారు. నేను మాస్టరు ధోరణిలో, "అమ్మడూ, మూలరంగులు మూడు. ఎరుపు, పసుపు, నీలం" అని మొదలుపెట్టాను. అది రెండు గాజులు కలిసేచోట నిలబడి, "తాతయ్యా, గులాబీ, పసుపూ కలిస్తే ఎరుపు వచ్చిందిగా. ఎరుపు మూలం ఎలా అవుతుంది?" అన్నది. జవాబు తోచలేదు. మా అబ్బాయి వెనకనుంచి మెల్లగా, "అచ్చు యంత్రానికి అది చెప్పినవే మూలరంగులు నాన్నగారూ" అన్నాడు. నిజమే. మీ చేతిలో ఉన్న ఈ పత్రిక ముఖచిత్రం కూడా ఆ మూడు సిరాలతోనూ, నల్ల సిరాతోనూ అచ్చు పడినదే. 33 ఏళ్ళు నేను చెప్పిన పాఠాన్ని ఒక ఏడేళ్ళ పిల్ల గాజుగోడ మధ్య నిలబడి సవరించింది.

ఇంతకూ వాడు రంగుల మాట ఎత్తడం చాలా ఏళ్ళ తరువాత వినడం.

మా వాడికి చిన్నప్పుడు బొమ్మల పిచ్చి. చెయ్యి నాకంటె మంచిది. ఇంటరు పాసయ్యాక బరోడా వెళ్ళి చిత్రకళ చదువుతానన్నాడు. డ్రాయింగు మాస్టరు జీతంతో సంసారం ఈదినవాణ్ణి. ఆ ఈత ఎలాంటిదో నాకు తెలుసు. ఎదురుగా వద్దనలేదు. దరఖాస్తు నింపి, "రిజిస్టరు పోస్టులో పంపండి నాన్నగారూ" అని నా చేతికిచ్చాడు. నేను దాన్ని బీరువాలో డ్రాయింగు కాగితాల అడుగున పెట్టాను. గడువు దాటిపోయింది. వాడు నెలన్నర రోజులు పోస్టుమాన్ కోసం వీధి అరుగుమీద కూర్చున్నాడు. చివరకు, "పోస్టులో పోయి ఉంటుందిరా" అన్నాను. ఇంజనీరింగులో చేరాడు. బాగుపడ్డాడు. ఆ తరువాత వాడు కుంచె పట్టగా నేను చూడలేదు.

భవనం చుట్టూ పచ్చికలో, నేలలోంచి మొలిచిన సన్నాయి మూతుల్లాగా 12 లోహపు గొట్టాలు ఉన్నాయి. జర్మనీవాడు ఫ్లోరియన్ క్లార్ చేసినవి. రెండేసి గొట్టాలకు భూమిలోపల కలయిక. ఒకదానిలో మాట్లాడితే జంటగొట్టంలో వినపడుతుంది. అయితే పక్కపక్కవి జంటలు కావు. దేనికేది జంటో వెదుక్కోవలసినదే. చిన్నప్పుడు అగ్గిపెట్టెలకు దారం కట్టి టెలిఫోను ఆడుకోని తెలుగువాడు ఉండడు గదా! మనవరాలు తండ్రిని లాక్కొని భవనం అటువైపుకు పరుగెత్తింది. నేను ఒక్కొక్క గొట్టం దగ్గరకు పోయి "అమ్మడూ!" అని పిలవసాగాను. మొదటి రెండింటిలో గాలి. మూడోదానిలో ఎవరో ముసలావిడ "మొషి మొషి" అన్నది. సిగ్గుపడి వచ్చేశాను. నాలుగోది నిశ్శబ్దం.

అవతల ఎవరూ లేరని నమ్మకం కుదిరింది. ఆకాశం నల్లబడుతున్నది. ఎందుకు అన్నానో తెలియదు. కొలను అడుగునుంచి చూచిన ఆ ముఖమే కళ్ళముందు ఉన్నది. గొట్టం మీదికి వంగి, "ఒరే అబ్బాయ్, ఆ బరోడా దరఖాస్తు పోస్టులో పోలేదురా. నేనే బీరువాలో దాచాను" అన్నాను.

కాసేపు గాలి. ఆ తరువాత స్పష్టంగా, చెవి పక్కన ఉన్నట్లు, "తాతయ్యా, దరఖాస్తు అంటే ఏంటి?"

నా గుండె ఆగినంత పనైంది. దూరంగా దాని గొంతు వినపడుతూనే ఉన్నది: "నాన్నా, తాతయ్య దరఖాస్తు దాచాడట!" మరి కాసేపటికి మా వాడి గొంతు వచ్చింది.

"నాకు తెలుసు నాన్నగారూ. కాలేజీలో చేరేటప్పుడు సర్టిఫికెట్ల కోసం బీరువా తీశాను. అక్కడే ఉన్నది."

"మరి అడగలేదేమిరా?"

"అడిగి ఏం చెయ్యను? అప్పటికి గడువు దాటింది."

"కోపం రాలేదా?"

"వచ్చింది. చాలా ఏళ్ళు ఉన్నది."

"ఇప్పుడో?"

గొట్టంలో గాలి శబ్దం. "ఇప్పుడు వాన వస్తోంది. మీరు అక్కడే ఉండండి, గొడుగు తెస్తున్నాను."

తెచ్చాడు. ఒక గొడుగు కింద ముగ్గురం నడిచాము. ముఖాలు చూచుకోలేదు. మనవరాలు వదలక మళ్ళీ అడిగింది. "ఉత్తరంలాంటిదమ్మా" అన్నాడు వాడు. "అయితే ఇప్పుడు పంపండి" అన్నది అది. వాడు నవ్వాడు. నేను తల ఎత్తాను. భవనం కప్పుమీద ఒక బంగారురంగు మనిషి నిచ్చెన ఎక్కి, రెండు చేతులా కొలబద్ద పట్టుకొని మబ్బులను కొలుస్తున్నాడు. బెల్జియం శిల్పి యాన్ ఫాబ్ర్ చేసిన బొమ్మ. వానలో కూడా కొలత మానలేదు.

ఎదురుగానే ఉన్న కెన్‌రోకుఎన్ ఉద్యానానికి వెళ్ళాము. నవంబరు మొదలయింది. మంచు బరువుకు కొమ్మలు విరగకుండా మాలీలు పైన్ చెట్లకు గుంజలు నాటి, పైనుంచి కొమ్మకొమ్మకూ తాడు కడుతున్నారు. చెట్టుకు తాటాకు గొడుగు పట్టినట్లున్నది. ఎదిగే కొమ్మను నరకడం ఒక జాగ్రత్త, తాడు కట్టి నిలబెట్టడం ఇంకొక జాగ్రత్త. నేను చేసినది ఏదో నాకు తెలుసు.

రాత్రి హోటలు గదిలో మనవరాలు కొలను బొమ్మ వేస్తుంటే, నిచ్చెన కుదరక తండ్రికి పెన్సిలు ఇచ్చింది. వాడు నాలుగు గీతలు గీసి ఇచ్చేశాడు. ఇన్నేళ్ళు వాడకపోయినా చెయ్యి వణకలేదు. నేను పేపరు చదువుతున్నట్లు నటిస్తూ చూచాను.

రాజమండ్రి వచ్చాక మా పాత బడికి వెళ్ళి, హెడ్మాస్టరుగారితో మాట్లాడాను. ఆరు ప్లాస్టిక్ గొట్టాలు, కొన్ని వంపు ముక్కలు, ఒక ప్లంబరు రెండు రోజుల కూలి. ఆడుకొనే స్థలంలో ఓ మూడు జంటలు పాతడానికి ఆయన ఒప్పుకొన్నారు. ఏది దేనికి జంటో పిల్లలకు చెప్పవద్దన్నాను.

"ఇంతకూ ఇది దేనికండీ? సైన్సుకా, డ్రాయింగుకా?" అన్నారాయన, బిల్లు ఏ పద్దులో రాయాలో తెలియక.

డ్రాయింగులోనే రాయమన్నాను.